పద్నాలుగో స్తంభం

జీవకోనలో మా వీధి మొదట్లో
నా ఇస్త్రీ బండి పక్కన నల్లబల్ల ఒకటి ఉండాది.
కాన్వెంటు మూసేసినప్పుడు
పాతసామాన్లోడి దగ్గర డెబ్భై రూపాయలకు కొనింది.
ఎండ ఏటవాలుగా పడితే
దాంట్లో మూడో ఎక్కం ఇప్పటికీ కనిపిస్తాది.

పొద్దున పెట్టెలో బొగ్గులు రాజుకునే లోపల
వీధి సమాచారం రాస్తాను.
కొళాయి ఈ పొద్దు రాదు. రేపు నాలుగున్నరకి.
రేషన్ అంగట్లో వేలిముద్రల మిషన్ చెడిపోయింది.
చెంగల్రాయులు మేకపిల్ల దొరికింది,
అది తిన్న కరివేప చెట్టు ఎవరిదో వాళ్లు ఆయన్ని కలవాల.
ఎడమకాలి చెప్పు, నీలంది, చిన్నబిడ్డది, నా దగ్గరే ఉండాది.

కొళాయి అని నేను రాస్తే
కుళాయి అని దిద్దిపోతాడు రిటైరైన అయివారు.
నేను మళ్లీ కొళాయి చేస్తాను.
ఎట్లా రాసినా
నీళ్లొచ్చేది అరగంటే.

ఒకరోజు మధ్యాహ్నం, నేను అన్నానికి పోయినప్పుడు
ఎవరో 'చిరుత' అని రాసిపెట్టినారు.
ఆ ఒక్క మాటే.
కొండ కింద ఉండే వీధి కదా, ఇంకేమి కావాల?
ఆరుకంతా తలుపులన్నీ గడియలు.
నలభై చొక్కాలు మడతపెట్టి
అడిగే దిక్కు లేక నేను, నా బండి.
మూడో రోజు తెలిసింది
దేశమ్మ మనవడి కుక్కపిల్ల పేరంట అది.
తప్పిపోయిందని రాసినాడంట.
'తప్పిపోయింది' రాసేదానికి
చెయ్యి అందలేదంట.

బల్ల అడుగున ఒక్క వరస మాత్రం చెరిపేది లేదు,
పద్నాలుగో స్తంభం లైటు ఎలగలేదు, ఇన్ని రోజులు అని.
అంకె ఒకటే మారుస్తా ఉంటాను.
తలెత్తితే కొండ మీద ఘాటురోడ్డు దీపాలు
తెల్లార్లూ మెలికలు తిరిగి ఎలుగుతాంటాయి,
తల దించితే నా కాలే నాకు కనిపించదు.
సచివాలయంలో అర్జీ ఇచ్చినాము, నంబరొచ్చింది.
లైన్‌మేన్ మస్తాన్ బల్బు లేదన్నాడు.
బల్బొస్తే నిచ్చెన లేదన్నాడు.
గంగజాతర లోపల వేస్తానన్నాడు,
ఏ సంవత్సరం జాతరో చెప్పలేదు.
ఖాదర్‌బీ కాలవలో పడి మోకాలు చీరుకునింది
ఆ చీకట్లోనే.

అరవై మూడో రోజు రాత్రి ఎలిగింది.
తెల్లటి లైటు, కాలవలో సబ్బు నురగ కూడా కనిపించేంత.
పిలకాయలు చప్పట్లు కొట్టినారు.
ఖాదర్‌బీ అందరికీ టీ పోసింది.
నేను తడిగుడ్డతో
ఆ వరసంతా తుడిచేసినాను, ఎంత సుఖమో.

మర్నాడు కాదు, ఆ మర్నాడు
మూట చంకన పెట్టుకొని కుప్పమ్మ వచ్చింది.
అలిపిరిలో యాత్రికుల నొసట నామాలు దిద్దుతాది,
వేళ్ల సందుల్లో ఎప్పుడూ తిరుచూర్ణం ఎరుపు.
ఆ స్తంభం పక్కన, మూసిన అంగడి అరుగు మీద
నాలుగేళ్లుగా పడుకునేదంట.
నా బండికి ముప్పై అడుగులు.
నేను చూడలేదంటే అబద్ధం,
చూసినానంటే ఇంకా పెద్ద అబద్ధం.

'ఇంత ఎలుతురులో చీర యాడ మార్చుకునేది నాయనా,'
కోపంగా కాదు, టైమెంత అని అడిగినట్టు అడిగింది.
తర్వాత బల్లకేసి చూసింది. చదవడం రాదు.
'ఏ వీధిలో లైటు ఎలగలేదో
దాంట్లో రాసుంటారా?'

మా వీధిదే రాస్తానని చెప్పినాను.
సరేలే అని
మూట ఇంకో చంకకి మార్చుకొని పోయింది,
కోనేరు పక్కకా, స్టేషన్ పక్కకా,
మలుపు తిరిగేదాకా చూసినాను కానీ
మలుపు దగ్గర లైటు లేదు.

తెల్లారి సుద్దముక్క పట్టుకొని చానాసేపు నిలబడినాను.
ఎలిగిన లైటు ఆర్పమని ఎవరికి అర్జీ పెట్టేది?
నీళ్ల సంగతి రాసినాను. గ్యాస్ బండి సంగతి రాసినాను.
అడుగున ఖాళీగా ఉన్న చోట
కుప్పమ్మ, ఒక రోజు, అని రాసినాను.

అయివారు వచ్చినాడు. చదివినాడు.
దిద్దేదానికి తప్పేమీ దొరక్క
సుద్దముక్క తిప్పుకుంటా అట్లే నిలబడినాడు.
ఆ పొద్దు ఆయన చొక్కా కాలరే
నా చేతిలో కాలింది.