రేపటి చిరుగు

మొదటివారం ఐలర్ట్‌కి రంగులిచ్చాను.
కుంచె కడిగే నీళ్లు ఎత్తి తాగేశాడు.
మట్టి ఇస్తే ఉండలు చేసి
కిటికీలో వరసగా పెట్టి, ఎరలన్నాడు.
తప్పు నాదే.
నలభై ఏళ్లు లోఫోటెన్ చలిలో
కాడ్ చేపలకు వలవేసిన చేతుల్ని
పసిపిల్లల బడిలో కూర్చోబెట్టాను.

రేవు షెడ్డులోంచి పాత వలముక్క తెచ్చాను.
తెల్ల బల్ల మీద తెల్ల నైలాను:
ఆయన కంటికి అక్కడేమీ లేదు.
నారింజ రంగు తాడు కొన్నాను, చిటికెన వేలంత లావు.
ప్లాస్టిక్ కండె జారిపోతోందని
మా తమ్ముడి చేత బర్చ్ చెక్కతో చెక్కించాను.
అయినా ఆయన దాన్ని
ఎవరో తన కంచంలో వడ్డించిన
తెలియని కూరని చూసినట్టు చూశాడు.

వంటమనిషి సున్నివా గిన్నెలు మోసుకుపోతూ అంది:
"కూర్చుని వల బాగుచేసే మగాణ్ణి
ఎక్కడ చూశావే తల్లీ?"

కోట్లు తగిలించే కొక్కేలకు వేలాడదీశాను.
లేచాడు.
ఆయన్ని కుర్చీలోంచి లేపడానికి రోజూ ఇద్దరం కావాలి.
లేచి, వలకంట్లో రెండు వేళ్లు దూర్చి కొలిచి
నా వైపు చూడకుండానే కండె కోసం చెయ్యి చాపాడు.
ముడి.
ఇంకో ముడి.
కూతురి పేరు జారిపోయిన చోట
ఈ ముడి ఎలా నిలిచిందో నన్నడక్కండి.

నాలుగు రోజుల్లో చిరుగులన్నీ అయిపోయాయి.
బాగైన వల ముందు, పనిలేక,
ఆ వేళ్లు స్వెట్టర్ గుండీలు పీకడం మొదలెట్టాయి.

అందుకని రాత్రిపూట, అందరికీ మందులిచ్చాక,
నేనే కత్తెరతో మూడు కళ్లు తెంపుతాను.
పొద్దున్నే తిడతాడు: "ఏ దొంగ సీల్ పని ఇది!"
తిడుతూనే అల్లుతాడు.
మోసమంటారా?
డ్యూటీ పుస్తకంలో దానికి గడి లేదు.
"చేతిపని, నలభై నిమిషాలు" అని రాస్తాను.

నిన్న రాత్రి వెనక అడుగుల చప్పుడు.
పైజమాలో, ఒక్క కాలికే మేజోడు.
కత్తెర దాచే వ్యవధి లేకపోయింది.
చూశాడు. చాలాసేపు.
"అక్కడ కాదు, బోర్గ్‌హిల్డ్" అన్నాడు
(నా పేరు కాదది, వాళ్ల అక్కది).
"సీల్ ఎప్పుడూ మధ్యలో కొరకదు.
అంచున కొయ్యి. చూసినవాడు నమ్మాలి కదా."

అంచున కోశాను.
గదికి నడిపించి, రెండో మేజోడు వెతికి తొడిగాను.

ఈ పొద్దున కాఫీ ముట్టకుండా వల ముందు నిలబడి
అంచు తడుముకుంటూ అరిచాడు:
"దొంగ సీల్! మళ్లీ వచ్చింది!"

"వచ్చింది, నేనూ చూశాను" అన్నాను,
కండెకు తాడు చుడుతూ.