రెయిలింగు మీద అరచెయ్యి

నవంబరు. పొద్దున్న ఆరున్నర.
సస్క్వెహానా మీద పొగమంచు ఇంకా లేవలేదు.
కంచె పొడుగునా ముక్కాళ్ళ స్టాండ్లు,
ఒక్కో స్టాండు వెనక ఒక మనిషి,
ఒక్కో మనిషి దగ్గర ఒక ఫ్లాస్కు,
మొన్న తప్పిపోయిన ఫోటో గురించి ఒక కథ.

ఎల్‌వుడ్ ప్యూసీ తన కారుకి టార్పాలిన్ కప్పి
నాలుగు మూలలా ఇటుకలు పెడుతున్నాడు.
ఇక్కడి రాబందులకి రబ్బరంటే ప్రాణం.
పోయినేడు అతని వైపర్లు తినేశాయి,
ఈయేడు కిటికీ అంచులు రుచి చూశాయి.
"చచ్చినదాన్ని తినే పక్షికి
బతికున్న కారుతో ఏం పని?"
రోజూ అడుగుతాడు.
పెదవులు చూసి రోజూ నవ్వుతాను.

నాకు వినపడదు.
ఇరవై తొమ్మిదేళ్ళు ఆ గోడ లోపల పనిచేశాను,
నాలుగో టర్బైను పక్కన, రెంచీ, గ్రీజు డబ్బా పట్టుకుని.
నది నా పక్కనుంచే కిందికి దూకుతూ దూకుతూ
నా రెండు చెవులూ తన్నుకుపోయింది,
గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు.
నేనున్న అంతస్తుకి కిటికీల్లేవు.
బయట ఆకాశంలో అన్ని రెక్కలు తిరుగుతుంటే
లోపల ఇనప రెక్కలకి నూనె పోస్తూ గడిపాను.
రిటైరయ్యాక చూశాను మొదటి గద్దని.
పేరుకి బట్టతల గద్ద.
తలనిండా తెల్లటి ఈకలే!
పేరు పెట్టినవాడు దూరం నుంచి చూసుంటాడు.

ఇక్కడ రోజూ ఒకటే తగాదా.
షట్టరు నెమ్మదిగా తెరిస్తే నీళ్ళు పాలవుతాయి,
చప్పున మూస్తే గాజు పెంకులవుతాయి.
పాలవాళ్ళు ఒకవైపు, గాజువాళ్ళు ఒకవైపు.
"లూయెల్లా, నువ్వు చెప్పు," అంటారు.
ఏం చెప్పను?
నీళ్ళంటే నాకు పాలూ కాదు, గాజూ కాదు.
బరువు.
దాన్నెలా ఫోటో తీస్తారో నాకు తెలీదు.

ఇవాళ నా పక్కన డాషియెల్,
పదమూడేళ్ళ కుర్రాడు,
అమ్మమ్మ కెమెరా, చిరిగిన చేతిజోళ్ళు.
నా భుజం తట్టి కాగితమ్మీద రాశాడు:
సైరన్ మోగకముందే నీకెలా తెలుస్తుంది?

చెవిటివాడి ముందు శంఖం అంటారు గదా,
ఆ శంఖం ఊదేవాడు ఊపిరి పీల్చుకోవడం
నాకు అరచేతిలో తెలుస్తుంది.
కుర్రాడి చేతిజోడు విప్పి
చల్లటి రెయిలింగు మీద వాడి చెయ్యి పెట్టాను,
దాని మీద నా చెయ్యి.
ముందు నూనె పంపు లేస్తుంది, సన్నగా, పిల్లి గురకలా.
తరవాత ఇనుము ఒళ్ళు విరుచుకుంటుంది.
తరవాత... వాడి కళ్ళు పెద్దవయ్యాయి.

అప్పుడు మోగిందనుకుంటాను సైరన్.
వరసగా అన్ని భుజాలూ ఒక్కసారి లేచాయి.

నీళ్ళొచ్చాయి.
తెల్లగా, తోసుకుంటూ, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
ఇనప రెక్కల్లో పడి తల తిరిగిన చేపలు
వెండి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.
అవతలి ఒడ్డు విద్యుత్ స్తంభం మీంచి
ఒక గద్ద జారింది.
ఎగరలేదు, జారింది.
కాళ్ళు ముందుకి చాచింది.
కంచె పొడుగునా వేళ్ళన్నీ ఒకేసారి నొక్కాయి.

డాషియెల్ కూడా నొక్కాడు,
ఒక చెయ్యి ఇంకా రెయిలింగు మీదే ఉంచి,
కెమెరా దాని అంచుకే ఆనించి.

ఫోటో చూపించాడు.
గద్ద లేదు.
పై మూల ఒక పసుప్పచ్చ గోరు, అంతే.
మిగతాదంతా నీళ్ళు,
పాలు కాదు, గాజు కాదు,
అడ్డంగా వణికిపోయిన నీళ్ళు.
పక్కవాళ్ళు తొంగిచూసి పాపం అన్నట్టు పెదవి విరిచారు.
వాడు చెరిపెయ్యబోయాడు.
వాడి వేలు పట్టుకున్నాను.
ఎందుకని అడిగాడు, ఈసారి కాగితం లేకుండా.
నేనింకా మాట వెతుక్కుంటున్నాను,

ఇంతలో ఎల్‌వుడ్ పరుగెత్తాడు, ఫ్లాస్కు కూడా వదిలేసి.
టార్పాలిన్ కింద
ఏదో కదులుతోంది.