ఏడో నంబరు కాలు

గిమరాయింష్ ఊళ్ళో క్లినిక్ తలుపు తీయకముందే
రాత్రి లెక్కలు నా టేబుల్ మీదికొస్తాయి.
ఎవరి పిక్క ఎంత బిగువులో నిద్రపోయిందో
ఎవరి మేజోడు చీలమండ దగ్గర జారిందో.
గోరంత బిళ్ళ. వైరు లేదు, చప్పుడు లేదు.
బట్టకీ చర్మానికీ మధ్య కూర్చుని
ఇద్దరి మీదా చాడీలు చెబుతుంది.

దియోలిందాది ఏడో నంబరు.
అల్లిక మిల్లులో ముప్పై తొమ్మిదేళ్ళు నిలబడ్డ కాలు,
ఎవరెవరికో మేజోళ్ళు అల్లి అల్లి
నీరు పట్టి, తనకే మేజోడూ పట్టకుండా పోయిన కాలు.
మొదటిరోజు బిళ్ళని తడిమి నవ్వింది:
"దారం బిగువు చెప్పడానికి ఇదెందుకే,
నా వేళ్ళు చచ్చాయా?"
మడమ పైన రెండు వేళ్ళు దూర్చి, "ముప్పై రెండు" అంది.
తెర మీద ముప్పై ఒకటి.

ఆగస్టులో ఆమె గీత మరీ బుద్ధిమంతురాలైంది.
పొద్దున ముప్పై నాలుగు, మధ్యాహ్నం ముప్పై నాలుగు,
మెట్టెక్కని, మంచం దిగని,
దోమ కుట్టినా ఉలకని ముప్పై నాలుగు.
డాక్టరు మెచ్చుకున్నాడు.
నాకే ఎక్కడో గుచ్చుకుంది.
బతికున్న కాలికి ఇంత నిలకడెక్కడిది?

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.
వంటింట్లో, ఉల్లిపాయల బుట్టలో, నిటారుగా
ఒక చెక్క కాలు.
మిల్లు మూసేసినప్పుడు జీతం బాకీకింద తెచ్చుకున్న అచ్చు.
దానికి మా మేజోడు,
ఒక్క ముడతైనా లేకుండా.

ఆమె పెరటి గచ్చు మీద, పాదాలు బకెట్లో.
"మీకు అంకె కావాలి, నాకు గాలి కావాలి.
ఇద్దరికీ సర్దాను తల్లీ."

కేకలేద్దామని వచ్చినదాన్ని, పక్కనే చతికిలబడ్డాను.
పిక్క మీద బొటనవేలు నొక్కి తీశాను.
ఆ గుంట పూడేలోగా
పొరుగావిడ తీగ మీది దుప్పట్లన్నీ దింపుకుపోయింది.

ఒత్తిడిని పాదరసంలో కొలుస్తాం.
ఆ మాటలో పాదమైతే ఉంది,
ఎవరిదో మాత్రం రాసి లేదు.

మర్నాడు వాపు లేవకముందే వెళ్ళి
నేనే మోకాళ్ళ మీద కూర్చుని తొడిగాను.
"కుట్టు వంకరపోయింది" అని ఒకసారి,
"ఇంకా లాగు" అని రెండుసార్లు.
లేచి, కాఫీ పెడతానని లోపలికి నడిచింది.
నా ఫోన్‌లో
ఇరవై తొమ్మిది, ముప్పై ఆరు,
ఇరవై ఎనిమిది,
నలభై. గడప దాటినట్టుంది.
ముప్పై ఒకటి.
చక్కెర డబ్బా కోసం కాబోలు
మునివేళ్ళ మీద లేచింది.