చింతగింజల లెక్క

మూడువేల ఎనిమిది వందలు.
యూనివర్సిటీ హాస్టలు ఖాళీ చేస్తూ ఒక కుర్రాడు
బకెట్టూ పరుపూ గిటారూ
మూడింటికీ కలిపి చెప్పిన ధర.
బకెట్టు ఇప్పటికీ కారదు.

గిటారు మాత్రం ప్లగ్గు పెట్టగానే
మూత బిగించిన సీసాలో కందిరీగలా ఒకటే రొద.
ట్యూబులైటు వేస్తే పెరిగేది,
పక్కవాటాలో మిక్సీ తిప్పితే గిలగిల్లాడేది.
తీగె మీటితే వచ్చే నాదం
గోనెసంచి కప్పుకుని మాట్లాడినట్టు.

ఒక ఆదివారం మంచమ్మీద పాత దుప్పటి పరిచి
మరలు విప్పి దాని పొట్ట తెరిచాను.
చెక్క అనుకున్నది ప్లైవుడ్డు.
పికప్‌లో అయస్కాంతం మొనల చుట్టూ
నల్లటి నూగుమీసం.
హార్బరు గాలి మోసుకొచ్చిన దుమ్ము కొంత,
ఆటోనగర్ గ్రైండింగ్ షెడ్డు నుంచి
నా చొక్కా పట్టుకుని ఇంటికొచ్చిన ఇనపరజను కొంత.
పగలంతా నేను రాల్చింది
రాత్రిళ్ళు ఇది ఏరుకుంటోందన్నమాట.

మంచి పికప్‌లు వేయిద్దామంటే
డాబాగార్డెన్స్ కొట్లో చెప్పిన ధరకి
ఇలాంటి గిటార్లు రెండొస్తాయి.
"మూరెడు చీరకి బారెడంచు ఎందుకు గురూ" అని
నవ్వాడు కూడా.

కంచరపాలెంలో రైల్వేగోడ వారన
నూకరత్నం రివైండింగ్ కొట్టు.
బోర్డు మీద పేరు వాళ్ళ నాన్నది,
చెయ్యి ఆవిడది.
సీలింగు ఫ్యాన్లు, తడిగ్రైండర్లు,
ఉప్పునీళ్ళు తాగి చచ్చిన బోటు మోటార్లు.
నా పికప్ అరచేతిలో వేసుకుని
"ఏటి బాబూ ఇది, బొమ్మ ఫ్యానుదా?" అంది.
తీగె కదిలితే ఇందులో కరెంటు పుడుతుందని
నాకు తెలిసినంత చెప్పాను.
"అయితే ఇది తిరిగేది కాదు,
ఇనేది" అని తేల్చేసింది.

తలవెంట్రుక కంటే సన్నం రాగితీగె
ఎవరో రేడియో మెకానిక్కు అప్పుకింద వదిలిపోయిన ఉండ
పెట్టె అడుగున దొరికింది.
చుట్లు లెక్కపెట్టే మీటరు పాడై ఏళ్ళయింది.
పెదాలు కదుపుతూ
నూరు చుట్లకొక చింతగింజ గిన్నెలో వేస్తుంది.
ఎనభై గింజలు పడాలి.

అరవై రెండో గింజ దగ్గర
గోడ అవతల గూడ్సుబండి ఒకటి
కొట్టు మొత్తం అదరగొడుతూ పోయింది.
తీగె తెగింది.
తెగిన చప్పుడు కూడా రాలేదు.
ఆవిడ బండిని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు.
గింజలన్నీ తిరిగి ఒళ్ళో పోసుకుని
"ఒకటి" అంది.

రెండోది మొదలెట్టేముందు ఆగింది.
"ఇదీ అలాగే చుడితే రెండూ ఒకే ఏడుపు ఏడుస్తాయి.
దీన్ని ఎడాపుకి చుడతాను.
అయస్కాంతం నువ్వు తలకిందులు పెట్టు.
కలిసున్నప్పుడు దీని రొద అది మింగేస్తాది."
ఎలా తెలుసన్నాను.
"తోడికోడళ్ళతో ఇరవయ్యేళ్ళు కాపురం సేసినాను."

రెండూ కలిపి నాలుగొందల యాభై.
జ్ఞానాపురం చర్చి ముందు కొన్న కొవ్వొత్తులు కరిగించి
ఆ మైనంలో ముంచి ఆరబెట్టాను.
సోల్డరింగ్ పొగ కళ్ళల్లోకి పోతుంటే
నాలుగు తీగెలు అతికించాను,
ఒకటి తప్పుగా అతికించి మళ్ళీ ఊడదీశాను.

రాత్రి తొమ్మిదింటికి
స్విచ్చు నడిమధ్యకి తోసి, యాంప్ పెంచాను.
ఏమీ లేదు.
చెడిపోయిందనుకున్నాను.
రొద ఉండాల్సిన చోట
ముందు హార్బరులో ఓడ కూత వినబడింది,
తర్వాత తలమీద ఫ్యాను కిర్రుమనడం,
తర్వాత, మీటాక,
నా చిటికెన వేలు చేసే తప్పు.
ఆరేళ్ళ నుంచి
ఆ కందిరీగ వెనకాల దాక్కున్న తప్పు.
మళ్ళీ మీటాను. మళ్ళీ అదే, స్పష్టంగా,
పేరు పెట్టి పిలిచినట్టు.

మర్నాడు షిఫ్టు దిగి
చెబుదామని కొట్టుకెళ్ళాను.
తల ఎత్తలేదు. ఎవరిదో ఫ్యాను,
చేతిలో తీగె, పెదాల మీద లెక్క.
ఆగమన్నట్టు ఒక వేలు లేపి
కళ్ళతోనే గింజలు చూపించింది.

బల్ల మీద కూర్చుని
ఆవిడ గడ్డం కాస్త కదిలినప్పుడల్లా
ఒక్కో గింజ గిన్నెలో వేస్తున్నాను.