నాలుగు బై పద్నాలుగు

ఈ వీధికి పేరు లేదు, భిన్నం ఉంది.
నాలుగు బై పద్నాలుగు అంటే చాలు
గుంటూరులో ఏ ఆటో అయినా తలూపుతుంది.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, బ్రాడీపేట.
అంకెలు తప్ప మరోటి రాని నాకు
చుట్టాల ఇల్లు దొరికినంత సంబరం.

ఇల్లు కాదులెండి. రోజువారీ అద్దె ఫ్లాట్లు.
కింద పళ్ల డాక్టరు, పైన
పెళ్లిళ్లకొచ్చేవాళ్లూ, నాలాంటివాళ్లూ.
బ్యాంకు తనిఖీకి పద్దెనిమిది రోజులు మంజూరు.

అలమర తలుపు లోపల జాబితా అంటించారు:
గాజు గ్లాసులు ఆరు, చెంచాలు ఎనిమిది,
ఇడ్లీ రేకులు నాలుగు, దిండ్లు మూడు, చెత్తబుట్ట ఒకటి.
వచ్చిన రాత్రే లెక్కపెట్టాను, పెట్టె విప్పకముందే.
గ్లాసు ఒకటి తక్కువ.
ఫోను చేస్తే మేనేజరు ఫణికుమార్ నవ్వాడు,
"అదెప్పుడూ తక్కువేనండీ."

పగలంతా బ్రాంచిలో
తాకట్టు నగల సంచులకు సీలు విప్పి తూస్తాను.
నేను వచ్చినప్పటి నుంచీ క్యాషియరు
మజ్జిగ తాగడం కూడా చాటుగానే.
సాయంత్రం ఈ వీధి మాత్రం నన్ను చూసి సర్దుకు కూర్చోదు.
ఇస్త్రీ బండి బొగ్గులు అలాగే చిటపటలాడతాయి.
ఎదురు మేడ మీద ట్యూషన్ పిల్లలు ఎక్కాలు వల్లిస్తారు,
పదమూడో ఎక్కం దగ్గర రోజూ గొంతులు పలచబడతాయి.
గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగిందంటే
వీధి వీధంతా ఒక్కసారే తుమ్ముతుంది.
నేనూ తుమ్ముతాను.
ఆ ఒక్క క్షణం ఈ ఊరిదాన్ని.

రాత్రి కుక్కరు కూతలు వింటాను.
ఎడమింట్లో మూడు,
వెనకింట్లో ఐదు, పప్పు ముదురుది కాబోలు.
నా గిన్నెలో గుప్పెడు బియ్యం,
కూత పెట్టేంత కూడా లేవు.

తొమ్మిదో రోజు ఆదివారం.
వంటగది తలుపు ఎందుకో మూశాను,
(ఒక్కదాన్నే కదా, అంతవరకూ అవసరం రాలేదు)
దాని వెనక గోడ మీద పెన్సిలు గీతలు.
అన్నిటికన్నా కిందిది నా నడుం దాకా,
పైది భుజానికి నాలుగు వేళ్లు తక్కువ.
పక్కన చీమల్లా తేదీలు.
ఏడు గీతలు. నాలుగేళ్లు.

రోజుకింతని అద్దెకిచ్చే గదిలో
నాలుగేళ్లపాటు ఎవరు పెరుగుతారు?

అలవాటు కొద్దీ తేదీలు సరిచూశాను.
అన్నీ ఆషాఢాలూ, మూఢాలూ.
ముహూర్తాలు లేక
గదులు ఖాళీగా పడి ఉండే రోజులు.

సోమవారం సలోమి తడిగుడ్డతో వచ్చింది.
నేనేమీ అడగలేదు.
తలుపు మూసి ఉంచాను, అంతే.
ఆమె బకెట్టు కింద పెట్టి
చాలాసేపు నీళ్లలోకే చూసింది.
"మా కెజియా అండీ.
మా ఇంట్లో గోడలు రేకులు. పెన్సిలు నిలవదు."
తుడవడం మొదలుపెట్టాక, అటు తిరిగే,
"గ్లాసు కూడా అదే పగలగొట్టింది."

రంగులేసేవాళ్లకు టీలు పోయించి
ఆ జానెడు వెడల్పు గోడ
రెండుసార్లు వదిలేయించిందట.

ఇరవై ఆరేళ్లుగా ఊరూరా రాస్తున్నాను
"అనుమతి లేని వాడకం" అని,
ఎర్ర సిరాతో, కింద గీత కొట్టి.
ఆ రాత్రి కలంలో సిరా ఉందో లేదో కూడా చూడలేదు.

పద్దెనిమిదో రోజు ఫణికుమార్
జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.
చెంచాలు?
ఎనిమిది.
దిండ్లు?
మూడు.
గ్లాసుల దగ్గర అడక్కుండా దాటబోతే
ఆరు, అన్నాను.

రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
వాటిలో ఒకటి
మిగతావాటికన్నా వేలెడు పొడుగు.
దాని గురించి ఏమీ రాసుకోలేదు.

కింద ఆటో వచ్చి ఆగింది.
గాలి యార్డు వైపు నుంచే వీస్తోంది.
తుమ్ము వస్తుందేమోనని
మెట్ల మీద కాసేపు నిలబడ్డాను.

రాలేదు.