ఎడమ ముందు చక్రం

స్పీడు బ్రేకరు ఎక్కిన ప్రతిసారీ
కింద నుంచి ఎవరో తలుపు కొట్టినట్టుండేది.
రెండేళ్ళు తియ్యలేదు నేను.
మెళియాపుట్టి నుంచి టెక్కలి దాకా
పదకొండు మంది మాటల మధ్య
ఆ చప్పుడు పన్నెండో మనిషిలా కూర్చునొచ్చేది,
కిరాయి ఇవ్వకుండా.

మీటరు మూడు లక్షల తొంభై వేల దగ్గర ఆగిపోయింది.
ఆ తర్వాత తిరిగిందంతా
ఎవరి లెక్కలోనూ లేదు.

ఆదివారం. చేపలకెళ్ళలేదు.
అంచు విరిగిందని క్వారీ వాళ్ళు పారేసిన
నీలిరాయి ముక్కలు రెండు
బొలేరో కింద జరిపాను.
ఏ దేశంలోనో ఎవరి సమాధో కావాల్సిన రాయి
మా గుమ్మం ముందు బండిని మోస్తోంది.

కిందకి దూరబోతే నడుము ఒప్పుకోలేదు.
పూసల మధ్య మెత్తన అరిగిపోయిందని
శ్రీకాకుళం డాక్టరు కిందటేడే
ఫిల్ము లైటుకెత్తి చూపించాడు.
బండికైతే బుష్షులు దొరికాయి,
జత నాలుగొందల ఇరవై.

"నువ్వు లే నానా" అని
సంపూర్ణ గోనెసంచి పరుచుకుని వెల్లకిలా దూరిపోయింది.
పాలిటెక్నిక్ రెండో ఏడు. జడ తువ్వాల్లో చుట్టింది.
బయటికి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి,
ఒకదానికి పట్టీ ఉంది, ఒకదానికి లేదు.

"పంతొమ్మిది పానా."
"పదిహేడు కాదేటి?"
"పంతొమ్మిదే. నాను సూసుకుంతాను."
"ముందు స్ప్రింగుకి గొలుసు కట్టమ్మా. దానెదట మొకం ఎట్టకు.
ఇన్నేళ్ళ బరువు మింగీసి కూకున్నాది అది."

బోల్టు రాలేదు.
భావనపాడు బుట్టల్లోంచి కారిన ఉప్పునీళ్ళు
దాన్నీ ఆర్మునీ ఒకటి చేసేశాయి.
కిరసనాయిలు పోశాం. టీ తాగొచ్చాం.
సుత్తితో బతిమాలాం.
పానాకి బోరింగు పైపు తొడిగి ఇద్దరం వేలాడాం.
ఆఖరిసారి దాన్ని బిగించింది ఎల్లాజీ.
"మరి కదల్దు బావా" అని
తొడకి చెయ్యి తుడుచుకున్నాడు.
మనిషి పోయి రెండు వానాకాలాలు.
బిగువు ఇంకా ఆ మాట మీదే ఉంది.

తర్వాత ఒక్కసారిగా
జీడిపిక్క నిప్పులో పేలినట్టు.
గోడమీది కాకి లేచిపోయింది.

బయటికొచ్చిన బుష్
ఎండిన చింతపండు తొక్కులా ఉంది.
దాని చుట్టూ సైకిలు ట్యూబు ముక్క, మూడు చుట్లు.
ఒక చుట్టు మీద పంక్చరు అతుకు కూడా.

సంపూర్ణ తల బయట పెట్టింది, నుదుట గ్రీజు.
"కొత్తదేసినానన్నాడు కదా?
డబ్బులు కూడా పట్టుకెళ్ళాడు. మోసం నానా."

ముక్కని వేలికి చుట్టుకుని నిలబడ్డాను.
ఆ నెల నా దగ్గరున్నవి రెండొందలు. ఇచ్చాను.
మిగతాది తర్వాతన్నాను.
తర్వాత అనేది వచ్చేసరికి అతను లేడు.
సగం డబ్బులకి సగం బుష్ వేశాడో
నిజంగానే మాయ చేశాడో
అడగడానికి షెడ్డు కూడా లేదిప్పుడు, సెల్ ఫోన్ల కొట్టయింది.
ఈ ట్యూబు మీదే
సిమెంటు బస్తాలెళ్ళాయి. నొప్పులొచ్చిన మనిషి వెళ్ళింది.
ఒకసారి, రాత్రిపూట, ఒక శవం.
పారెయ్యబోయి జేబులో వేసుకున్నాను.

సబ్బునీళ్ళ మీద కొత్తది జారి కూర్చుంది.
బిగించబోతే చెయ్యి పట్టుకుంది.
"ఇప్పుడు కాదు. చక్రం వేసి, రాళ్ళు తీసి,
బరువు నేలకి దిగినాక బిగించాలి.
గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి సిరిగిపోద్ది."
ఎల్లాజీ కూడా అంతే చేసేవాడు.
ఎందుకని
నేనెప్పుడూ అడగలేదు.

బండి దిగింది. కొంచెం మూలిగింది.
అప్పుడు మళ్ళీ దూరి, రెండు చేతులా లాగి బిగించింది.
"మరి కదల్దు" అనలేదు.
"సూద్దాం" అంది.

సోమవారం తెల్లారగట్ట
బుట్టలతో ఎక్కిన పోలమ్మ
మొదటి స్పీడు బ్రేకరు దాటాక అడిగింది:
"ఏటి బావూ, బండి మార్సీసినావేటి?"
నవ్వాను.
నౌపడ ఉప్పుమళ్ళ దాకా ఏ చప్పుడూ లేదు.
మడుల్లో నీళ్ళు తెల్లగా, కదలకుండా.

అక్కడ వినిపించింది, సన్నగా,
కుడివైపు నుంచి.
ఇన్నాళ్ళూ ఎడమదాని చాటున దాక్కున్నట్టుంది.

సంపూర్ణకి ఆదివారం దాకా చెప్పను.