మురుగుకాలువల పదవికి ఒక పేరు

కుక్కని కట్టెయ్యక్కర్లేదు, క్లెమెంట్.
దానికి నేనెవరో తెలుసు.
దీని తాత ఒకసారి కరిచాడు నన్ను,
ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది.

ముప్ఫైయొక్కేళ్లు ఈ మట్టిరోడ్డు మీద టపా పంచాను.
ఇవాళ సంచిలో కరెంటు బిల్లుల్లేవు,
అప్పులవాళ్ల హెచ్చరికల్లేవు.
ఒకే కాగితం, వంద కాపీలు:
ఆర్డిస్ పావ్లక్,
కౌంటీ మురుగుకాలువల కమిషనర్ పదవికి.

నవ్వకు.
మిషిగన్‌లో దానికీ ఓట్లేస్తాం కదా.
రాజధానిలో ఎవరు గెలిచినా
నీ చక్కెరదుంపల చేలో నిలిచిన నీళ్లు
వాళ్ల ఉపన్యాసాలకి కదలవు.
నీళ్లు వినేది పల్లం మాటే.

పావ్లక్ వాళ్ల రెండోవాడు కదా అంటావు.
ఆ పాత పేరున్న కవర్లు నేనూ మోశాను.
సైన్యం నుంచి వచ్చిన చెక్కులు,
ఆసుపత్రి రసీదులు,
ఎవరెవరివో పెళ్లి పిలుపులు.
తర్వాత ఒక మార్చిలో, గుంటల్లో మంచింకా కరగకముందు,
కోర్టు నుంచి దళసరి కవరొకటి వచ్చింది.
సంతకం కావాలి దానికి.

నిజం చెప్తున్నా, జీపులోనే కూర్చుండిపోయాను కాసేపు
ఇంజను ఆపకుండా.
ఏమని పిలవాలో తెలియక.
ఆమే బయటికొచ్చింది, బురద బూట్లతో,
కవరు జీపు ముక్కు మీద పెట్టి
కొత్త పేరు రాసింది,
అక్షరాలు దిద్దే పిల్లలా,
ఒక్కొక్కటీ ఆగి ఆగి.
చివరి అక్షరం గీత దాటి పోయింది.
నేను అన్నది ఒక్కటే: చలిగా ఉంది లోపలికెళ్లు అని.
ఇంకాస్త మంచి మాట అనుండాల్సింది.

ఆ తర్వాత కొన్నాళ్లు రెండు పేర్లూ
ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకునేవి.
ఇప్పుడు పాత పేరుకి వచ్చేది
విత్తనాల కంపెనీ క్యాటలాగ్ ఒక్కటే.
వాళ్లకి ఎన్నిసార్లు రాసినా ఎక్కదు.

అవతలి అభ్యర్థి కరపత్రం చదివావా?
రెండు వైపులా చదివాను నేను.
కాలువ అన్న మాటే లేదు.
అంతా మరుగుదొడ్ల గురించే.

మా డబ్బంటావా,
శుక్రవారం చేపల వేపుడు దగ్గర
కాఫీ డబ్బాలో పడ్డ అయిదు డాలర్ల నోట్లు.
అందులో ఒకటి ఫాదర్‌ది, ఎవరికీ చెప్పకు.
బోర్డులు ఇరవై పాతాం. పదకొండు పీకేశారు.
సీబర్ట్ వంతెన కింద దొరికాయి.
ఆర్డిస్ మోకాళ్ల లోతు దిగి లాగింది,
మళ్లీ పాతుదామని కాదు,
తూముకి అడ్డంపడి నీళ్లు ఆగాయని.
అప్పుడు నిర్ణయించుకున్నాను
నా మోకాళ్లు ఇంకో అక్టోబరు ఓర్చుకోవాలని.

ఇంకో సంగతి చెప్పబోయాను.
చెప్పనులే.
టపా మోసినవాళ్లు రిటైరయ్యాక కూడా నోరు కట్టుకునే ఉంటారు.
ఇంతే అంటాను:
ఈ రోడ్డు మీద పన్నెండు పెట్టెలున్నాయి,
ఆర్డిస్ ఒక్కతే అనుకోకు.
పంపినవారి పేరు లేని ఉత్తరాల కోసం
కిటికీ తెర పక్కన నించునే పిల్లలు
ఈ బోర్డు నిలబడుతుందా పడిపోతుందా
అని చూస్తుంటారు.

వానొచ్చేలా ఉంది.
కాగితం తీసుకోకపోయినా ఫర్వాలేదు,
ఆ నీళ్ల బకెట్టు కింద పెట్టి పోతాను.

ఏంటి?
తూర్పు చేలో గొట్టం విరిగిందా?
నాకెందుకు చెప్తావు,
నేను టపా మనిషిని.
నంబరు వెనకాల ఉంది. ఆమే ఎత్తుతుంది.
ఎత్తగానే పేరు పెట్టి పిలువు.

ఏ పేరని నన్నడగకు.
కాగితం తిప్పి చూడు.